బీచ్‌కి వెళ్ళే దారిలో డార్చెస్టర్ కౌంటీ

మేరీలాండ్, వర్జీనియాలో ఉండే మనవాళ్ళకి రూట్ 50 గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. లాంగ్ వీకెండ్ వస్తే చాలు, పులిహోర కలుపుకుని బే బ్రిడ్జ్ దాటి ఓషన్ సిటీ బాట పడతాం. మధ్యలో చాప్టాంక్ నది దాటగానే కేంబ్రిడ్జ్ అనే చిన్న ఊరు వస్తుంది, గ్యాస్ కొట్టించుకుని వెళ్ళిపోతాం. పిల్లలుంటే మాత్రం అక్కడ ఒక పూట ఆగండి, ఎందుకంటే తను తప్పించుకున్నాక ఎందరో బానిసల్ని స్వేచ్ఛ వైపు నడిపించిన హ్యారియెట్ టబ్‌మన్ 1822 ప్రాంతంలో బానిసగా పుట్టింది ఈ డార్చెస్టర్ కౌంటీలోనే.

రేస్ స్ట్రీట్‌లో మ్యూజియం గోడ మీద ఆమె బొమ్మ ఉంది, ఇటుక గోడ పగిలి అందులోంచి చెయ్యి చాపినట్టు. మా చిన్నోడు ఎవరూ చెప్పకుండానే వెళ్ళి తన చెయ్యి అందులో పెట్టాడు. ఫిఫ్త్ గ్రేడ్ చదివే మా పాపకి మాత్రం కోర్ట్‌హౌస్ దగ్గరే మనసు ఆగిపోయింది. 1850 డిసెంబర్‌లో టబ్‌మన్ అక్క కూతురు కెజయాని, ఇద్దరు పిల్లల్తో సహా అక్కడ వేలానికి పెట్టారు (ఇప్పుడున్న బిల్డింగ్ తర్వాత కట్టింది). భర్త జాన్ బౌలీ బానిస కాదు, స్వేచ్ఛ ఉన్న మనిషి, కానీ తల్లి బానిసైతే పిల్లలూ బానిసలే అన్నది అప్పటి చట్టం. అతనే వేలంలో పాట పాడి గెలిచాడు, డబ్బు కట్టమని పిలిచేసరికి అందరూ మాయం! పడవలో చీసపీక్ బే మీదుగా బాల్టిమోర్ చేరారు, అక్కణ్ణుంచి టబ్‌మన్ బానిసత్వం లేని ఫిలడెల్ఫియాకి తీసుకెళ్ళింది.

మా పాప "సొంత భార్యని కొనుక్కోవాలా?" అని రెండుమూడు సార్లు అడిగింది.

తర్వాత బక్‌టౌన్ స్టోర్. ఎవరో బానిస పారిపోతుంటే ఓవర్సీర్ (బానిసల చేత పని చేయించే మేస్త్రీ) విసిరిన రెండు పౌండ్ల తూకపు రాయి అక్కడే టబ్‌మన్ తలకి తగిలింది, జీవితాంతం ఉన్నట్టుండి స్పృహ తప్పేది. అలాంటి మనిషి 1849లో తప్పించుకుని, మళ్ళీ సుమారు 13 సార్లు వెనక్కొచ్చి దాదాపు 70 మందిని బయటికి తీసుకెళ్ళింది. బ్లాక్‌వాటర్ చిత్తడి నేలల పక్కన నిలబడితే, నాకైతే పగలే దారి తెలియలేదు, ఆమె రాత్రిళ్ళు నడిపించింది.

మన పిల్లలకి మన చరిత్ర చెప్పాలని అందరం తాపత్రయపడతాం, మంచిదే, కానీ వీళ్ళు పుట్టింది ఇక్కడ, ఈ నేల కథ కూడా వీళ్ళదే కదా. పైగా ఇది తెలిస్తే మనదీ బాగా అర్థమవుతుందేమో. కార్లో మా పాప "ఇండియాలో కూడా ఇలా చేశారా నాన్నా" అంది. మాది జనగామ వైపు. గడీల గురించి, వెట్టిచాకిరీ గురించి, పాలకుర్తిలో తన పంట కోసం విసునూరు దేశ్‌ముఖ్‌కి ఎదురు నిలిచిన చాకలి ఐలమ్మ గురించి చెప్పాను. రెండూ ఒకటే అనలేదు, మనిషిని వేలం వేసి అమ్మడం వేరు. కానీ వెట్టి చేయించుకున్నవాళ్ళు తెల్లవాళ్ళు కాదు, మనవాళ్ళే అని దాచకుండా చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత ఐలమ్మ ఫొటో చూపించమంది.

2017లో తెరిచిన టబ్‌మన్ విజిటర్ సెంటర్ చర్చ్ క్రీక్ దగ్గర ఉంది, టికెట్ లేదు. ముందు అది చూసి స్టోర్‌కి వెళ్తే పిల్లలకి కథ వరసగా అందుతుంది. వేసవిలో దోమలు ఘోరం, స్ప్రే తప్పకుండా పెట్టుకోండి.