చల్లబరిచి మళ్ళీ వేడి చేయడమేంది?

మా బావది ప్రొద్దుటూరు. రూపాయి ఖర్చు పెట్టే ముందు దాన్ని రెండువైపులా తిప్పి చూసే రకం. ఇప్పుడు అట్లాంటా శివార్లలో ఇల్లు కట్టిస్తున్నారు. నేలలోకి పైపులు దింపి, వేసవిలో ఇంటిని చల్లబరిచి చలికాలంలో వెచ్చబరిచే జియోథర్మల్ హీట్ పంపే కావాలని అక్క పట్టుబట్టింది. కొటేషన్ వచ్చింది. ఐదు టన్నుల మెషీను, బోర్లు, పైపులు, డక్టులు, చివర్లో ‘రీహీట్’ అని ఒక లైను, దానికి వేరే రేటు. బావ ఆ లైనుకు ఎర్రగీత కొట్టి నాకు వాట్సాప్ చేశారు.

“ఏందమ్మా ఇది? గాలిని చల్లబరిచేదానికి ఒక బిల్లు, చల్లబడినదాన్ని మళ్ళీ వేడి చేసేదానికి ఇంకో బిల్లా? మేము వీళ్ళకు ఎట్లా కనబడుతున్నాము?”

నన్ను అడగడానికి కారణముంది. అనంతపురంలో ఉంటూ ఆసుపత్రులకు ఏసీ డిజైన్లు చేయడం నా పని. ఆపరేషన్ థియేటర్ అంటేనే రీహీట్. సర్జన్‌కు గది 20, 21 డిగ్రీలుండాలి, తేమ 60 శాతం దాటకూడదు. ఈ రెండూ ఒకేసారి కావాలంటే వట్టి ఏసీతో కుదరదు.

ఎందుకు కుదరదంటే, గాలిలోంచి తేమ లాగడానికి ఏసీకి తెలిసిన దారి ఒక్కటే. గాలిని దాని డ్యూ పాయింట్ (అందులోని తేమ నీళ్ళుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) కంటే చల్లటి కాయిల్ మీదుగా పంపడం. 26 డిగ్రీల వేడి, 70 శాతం తేమ ఉన్న గదిలో డ్యూ పాయింట్ దాదాపు 20 డిగ్రీలు. అంతకంటే చల్లగా ఏది పెట్టినా, ఫ్రిజ్‌లోంచి తీసిన స్టీలు చెంబు మాదిరి, చెమరుస్తుంది. తేమను 50 శాతం దగ్గర నిలపాలంటే కాయిల్ దాటి వచ్చే గాలి 12, 13 డిగ్రీలకు దిగాల్సిందే. మే నెల ఎండలో ఆ చల్లగాలిని ఇల్లు గటగటా తాగేస్తుంది, ఇబ్బందే లేదు. వాన ముసురులో బయటే 25 డిగ్రీలుంటే? ఐదు నిమిషాల్లో థర్మోస్టాట్ ‘ఇక చాలు’ అంటుంది, కంప్రెసర్ ఆగిపోతుంది. తేమ మాత్రం ఎక్కడిదక్కడే.

ఇంకో తలనొప్పి కూడా ఉంది. కంప్రెసర్ ఆగినా ఫ్యాన్ తిరుగుతూనే ఉంటే, కాయిల్ మీద పట్టిన నీళ్ళు ట్రేలోకి కారకుండానే ఆవిరై మళ్ళీ ఇంట్లోకే వస్తాయి. ఫ్లోరిడా సోలార్ ఎనర్జీ సెంటర్ వాళ్ళు దీన్ని ల్యాబులో కొలిచి 2006లో రిపోర్టు ఇచ్చారు. ఇంట్లో అందరూ ఫ్యాన్ ‘ఆన్’లో పెట్టి మరచిపోతారు. దాన్ని ‘ఆటో’లో పెట్టుకోమని చెబితే ఎవరికీ పట్టదు.

బావకు ఇదంతా థియరీ అనిపించింది కానీ, అక్కకు వెంటనే ఎక్కింది. వాళ్ళిప్పుడున్న అద్దింట్లో ఇదే బాధ. ఇంటికి మించిన పెద్ద ఏసీ. మీటరు 23 డిగ్రీలు చూపిస్తుంది, తేమ 68 శాతం. “చలేస్తుందని దుప్పటి కప్పుకుంటానే, కప్పుకుంటే ఒళ్ళంతా జిగట” అంటుంది. ఉగ్గాని కోసం ఇక్కడినుంచి పట్టుకుపోయిన బొరుగులు ప్యాకెట్ విప్పిన మర్నాటికే మెత్తబడి సాగుతున్నాయి. ఉగ్గానికి ఎట్లాగూ నానబెడతాం కదా అని బావ జోకు. బెల్టుకు బూజు పట్టిన రోజు మాత్రం ఆయనా నవ్వలేదు. ఇంట్లో తేమ 60 శాతం లోపు, వీలైతే 30 నుంచి 50 మధ్య ఉంచుకోమని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ చెబుతుంది. 68 దగ్గర బూజు పట్టకపోతేనే వింత.

ఇక రీహీట్ సంగతి. నేను చేసే థియేటర్లలో 12 డిగ్రీల గాలిని మళ్ళీ వేడి చేసేది కరెంటు హీటర్లు. బిల్లు చూసి ఆసుపత్రి మేనేజర్లు మొత్తుకుంటారు. బావ అనుమానం అక్కడైతే నూటికి నూరుపాళ్ళు న్యాయం. జియోథర్మల్ మెషీన్‌లో లెక్క వేరు. ఇంట్లోంచి లాగిన వేడినంతా అది ఎట్లాగూ నేలలోని పైపుల్లో తిరిగే లూపు నీళ్ళలో కలిపి నేలలోకి తోసేస్తోంది. రీహీట్ ఉన్న మోడల్‌లో చల్లటి కాయిల్ వెనకాలే రెండో కాయిల్ ఉంటుంది. ఇల్లు చల్లబడినా తేమ తగ్గలేదని, తేమను కొలిచే హ్యుమిడిస్టాట్ గమనించగానే, చిన్న పంపు ఒకటి ఆ వేడినీళ్ళలో కొన్నింటిని నేలకు పోనీకుండా రెండో కాయిల్‌లో తిప్పుతుంది. కొన్ని మెషీన్లలో నీళ్ళకు బదులు కంప్రెసర్ నుంచి వచ్చే వేడి గ్యాసునే తిప్పుతారు. తేమంతా వదిలేసిన గాలి 22, 23 డిగ్రీలకు చేరి గదిలోకి వస్తుంది. కంప్రెసర్ కరెంటు తప్పదు, వేడి మాత్రం ఊరికే వచ్చిందే.

“మరి తేమ లాగే డీహ్యుమిడిఫైయర్ విడిగా ఒకటి కొంటే పోదా?” అన్నారు బావ. తీసిపారేసే మాట కాదది. ఇప్పటికే మామూలు ఏసీ ఉన్న ఇంటికైతే నేనూ అదే చెబుతాను. కానీ గాలిలోని తేమ లీటరు నీళ్ళుగా మారితే దాదాపు 0.68 యూనిట్ల వేడి బయటపడుతుంది. విడి మెషీను ఆ వేడిని, దాంతోపాటు తన కంప్రెసర్ తిన్న కరెంటును కూడా ఇంట్లోకే వదులుతుంది. జియోథర్మల్ రీహీట్ అయితే ఇంటికి అక్కర్లేని వేడి నేలలోకి పోతుంది. పైగా రీహీట్ ఫ్యాక్టరీలోనే బిగించి వచ్చే సరుకు. ఇప్పుడు కొట్టేసి రెండేళ్ళ తర్వాత కావాలంటే పెట్టించుకోవడం అంత సులువు కాదు.

నిజానికి ఆ కొటేషన్‌లో నాకు చిరాకు తెప్పించింది రీహీట్ కాదు, ఐదు టన్నులు. ఆ కాంట్రాక్టరు ఇంటి చదరపుటడుగులు చూసి వేసినట్టున్నాడు. పెద్ద మెషీను త్వరగా చల్లబరిచి త్వరగా ఆగిపోతుంది, అంటే తేమకు పండగే. ఇంటికి ఎన్ని టన్నులు కావాలో తేల్చే మాన్యువల్ జె లెక్క గది గదికీ కట్టించమన్నాను. మూడున్నర తేలింది. అక్కడ టన్నుకు సుమారు 150 నుంచి 250 అడుగుల బోరు వేస్తారు, నేలను బట్టి. టన్నున్నర తగ్గితే ఎన్ని అడుగులు మిగులుతాయో బావ కాలిక్యులేటర్ తీసి తనే లెక్క వేసుకున్నారు. రీహీట్ లైను మీది ఎర్రగీత పోయింది.

ఈ సంగతి తెలిసి ఇక్కడ మా చుట్టాల్లో ఇద్దరు ముగ్గురు “మన ఊర్లోనూ పెట్టించుకోవచ్చా?” అంటున్నారు. తాడిపత్రి మీదుగా బెలుం గుహలకు పోయినోళ్ళకు నేను జవాబు చెప్పక్కర్లేదు. నేలకు దాదాపు 150 అడుగుల కింద పాతాళగంగ దగ్గర నిలబడితే చెమటకు చొక్కా తడిసిపోతుంది. కొంత లోతు దాటాక నేల ఉష్ణోగ్రత ఆ ఊరి ఏడాది సగటుకు దగ్గరగా ఉంటుంది. అట్లాంటాలో అది 17 డిగ్రీల చుట్టుపక్కల, మన దగ్గర 28. మే నెల 42 డిగ్రీల గాలికంటే నయమే, కాదనను. మన గ్రానైటు వేడిని బాగానే లాగుతుంది కూడా. కానీ అట్లాంటాలో వేసవిలో నేలకిచ్చిన వేడిని చలికాలంలో ఇల్లు వెనక్కి తీసుకుంటుంది. అనంతపురంలో హీటర్ వేసుకునేదెవరు? ఏడాదికేడాది నేల వేడెక్కుతూ పోతుంది, మెషీను బలం తగ్గుతూ పోతుంది.

మనకు తేమ బాధ ఉండేది వానలు దండిగా పడే సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనే. అప్పుడు కూలర్‌లో నీళ్ళు పోయడం మానండి, అది తేమను ఇంకా పెంచుతుంది. ఏసీని డ్రై మోడ్‌లో, ఫ్యాన్ అన్నిటికంటే తక్కువ స్పీడులో పెట్టండి. గది కొంచెం ఎక్కువ చల్లబడుతుంది, ఎందుకంటే మన స్ప్లిట్ ఏసీల్లో మామూలుగా రీహీట్ ఉండదు. కొత్తగా కొనేవాళ్ళు ఒక టన్ను సరిపోయే గదికి షాపువాడి మాట విని రెండు టన్నులు తీసుకోకండి. ఇన్వర్టర్ అయితే ఇంకా మంచిది, తక్కువలో ఎక్కువసేపు నడుస్తుంది. ఇన్ని చేసినా బొరుగులు మెత్తబడుతుంటే మీటరు పెట్టి ఒక వారం తేమ రాసి నాకు పంపండి, చూసి చెబుతాను.