ఎత్తు బంగారం

"పదహారు కిలోల బెల్లం కావాలి" అని కిరాణా షాపులో అడగగానే అమ్మ నా చేయి పట్టుకుంది. "బెల్లమంటవేంది బిడ్డా, బంగారమను."

మా అక్క కొడుకు నెలలు నిండకుండా పుట్టాడు. వాడు బతికి బట్టకడితే ఎత్తు బంగారం, అంటే వాడి బరువంత బెల్లం, ఇస్తానని అమ్మ ఆరోజే మేడారం సమ్మక్కకు మొక్కుకుంది. ఇప్పుడు వాడికి నాలుగేళ్లు. తక్కెడలో ఒకవైపు వాణ్ని కూర్చోబెట్టి, రెండోవైపు దిమ్మెలు పేర్చారు. ఇచ్చే ముందు షాపాయన ఆధార్ నంబరు రాసుకున్నాడు. బెల్లం గుడుంబాకు పోతుందేమోనని నిఘా. నాకు మనసు చివుక్కుమంది. అవే దిమ్మెలు, ఆ లెక్కలో సారా సరుకు. అమ్మ మాత్రం వాటికి పసుపు, కుంకుమ పెట్టి ఒడిలో పెట్టుకుని కూర్చుంది. వరంగల్ నుంచి మేడారం దాకా సుమారు వంద కిలోమీటర్లూ కింద పెట్టలేదు.

2024 ఫిబ్రవరి 22, గురువారం, మేడారం జాతర. జంపన్న వాగులో మునిగి, అమ్మవార్లు కొలువుదీరే గద్దెల దారి పట్టాం. గద్దెల మీద విగ్రహం లేదు. సమ్మక్క అంటే వెదురు కర్ర, కుంకుమ భరిణె. కోయ పూజారులు చిలకలగుట్ట మీద నుంచి ఆ భరిణెను తీసుకొస్తుంటే పోలీసులు గాల్లోకి తుపాకీ పేల్చి స్వాగతం పలుకుతారు. కాకతీయుల సైన్యంతో పోరాడిందని కోయలు చెప్పుకునే తల్లికి ఇప్పటి సర్కారు తుపాకీ వందనం! ఆ చప్పుడు దూరం నుంచి వినగానే నా ఒళ్లు జలదరించింది. నేలంతా జనం. దారిలో సాష్టాంగపడ్డ ఆడవాళ్లు, పూజారులు తమను దాటుకుంటూ వెళ్తే చాలని.

భరిణె చేతిలో పట్టేంతే ఉంటుంది. దానికి బంగారు తొడుగు వేయాలని ఎవరికీ అనిపించకపోవడమే నాకు నచ్చింది. బంగారం మనం తెచ్చిందే కదా!

తెల్లవారుజామున గద్దెల దగ్గరికి చేరాం. తోపులాటలో అమ్మ కొంగు జారినా దిమ్మె వదల్లేదు. జాలీ మీదుగా విసిరాక ఆమె చేతులు ఇంకా పైకే ఉన్నాయి. పక్కన ఒక ముసలామె కొంగుముడి విప్పి గుప్పెడు బెల్లం తీసింది. అదీ బంగారమే, మా పదహారు కిలోల పక్కనే పడింది.

ఒక ముక్క ఇంటికి తెచ్చాం. మర్నాడు అక్క దాన్ని టీలో వేయబోతే అమ్మ లాక్కుని, చిదిపి, వాడకట్టులో ఇంటింటికీ పంచి వచ్చింది. అందరూ కళ్లకద్దుకునే తిన్నారు.