టెస్ట్ యథావిధిగా ఉంటుందట

"సోమవారం వీక్లీ టెస్ట్ యథావిధిగా ఉంటుంది." పొద్దున కాలేజీ గ్రూపులో వచ్చిన మెసేజ్ ఇది. మా అమ్మాయి క్లాస్‌మేట్ ఆత్మహత్య చేసుకుని ఇంకా వారం కాలేదు.

"దాని గురించి ఎవరూ మాట్లాడొద్దన్నారు నాన్నా, ఎక్కడికెళ్లి ఏడవాలి?" అంది ఫోన్ నా చేతికిచ్చి.

మాట్లాడితే మిగతా పిల్లలకూ ఆ ఆలోచన వస్తుందని కాలేజీవాళ్ల భయం. ఎలా, ఎక్కడ అన్న వివరాలు తవ్వకూడదు, నిజమే. కానీ నోరు మూయిస్తే పుకార్లే తిరుగుతాయి. క్లాస్ టీచర్ పిల్లల్ని కూర్చోబెట్టి, జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పి, ఏడ్చేవాళ్లని ఏడవనిచ్చి, చనిపోయిన అమ్మాయి దగ్గరి స్నేహితుల్ని, ముందు నుంచే దిగులుగా ఉన్నవాళ్లని విడిగా పలకరించాలి. ఆ టీచర్‌కీ తోడు కావాలి, ఆయనా ఆ పిల్లకి పాఠం చెప్పినవాడే కదా.

విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న అమ్మాయి మరణం కేసులో, 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతిచోటా కౌన్సెలర్ ఉండాలని సుప్రీంకోర్టు 2025 జులైలో చెప్పింది. మా పిల్లల కాలేజీలో ఒక్కరూ లేరు.

రేపు కొందరు తల్లిదండ్రులం కలిసి ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్తున్నాం, టెస్ట్ వాయిదా వేసి కౌన్సెలర్‌ని పిలిపించమని అడగడానికి. ఈలోగా మీ పిల్లలకి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఇవ్వండి. ఏ వేళప్పుడైనా తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బులు కట్టక్కర్లేదు.