పలక పట్టని చేతులు

కోవూరు దగ్గరి మా ఊళ్ళో పోలేరమ్మ కొలుపుకూ చావుకూ దండోరాకూ పలకే, అంటే డప్పే, మోగాలి. ఆ మోతను పుట్టినప్పటినుంచీ వింటున్నాను గాని, ముప్పై ఏళ్ళకు పైగా అదే ఊళ్ళో పిల్లలకు చదువు చెప్పిన నేను ఒక్కనాడైనా పలకను చేత పట్టలేదు. పట్టవద్దని నాతో ఎవరూ అనలేదు. అది వాడవారి వాద్యమని, మనం వినేవాళ్ళమేనని, ఎవరూ చెప్పకుండానే అందరికీ తెలుసు. తోలు వాద్యం మీద నా చెయ్యి మొదటిసారి పడింది పోయిన వేసవిలో, వాషింగ్టన్ నగరంలో.

వర్జీనియాలో ఉంటున్న మా అమ్మాయి ఒక ఆదివారం సాయంత్రం నన్ను మెరిడియన్ హిల్ పార్కుకు తీసుకొనిపోయింది. నల్లజాతి హక్కుల నాయకుడు మాల్కం ఎక్స్ పేరిట మాల్కం ఎక్స్ పార్కు అని కూడా దానికి పేరు. 1965లో ఆయన హత్య జరిగిన తరువాత నల్లజాతివారు అక్కడ గుమికూడి డోళ్ళు వాయించడం మొదలైందని చెబుతారు. ఆదివారాలలో ఆ ఆనవాయితీ నేటికీ సాగుతూనే ఉంది. చెట్ల కింద వలయంగా కూర్చున్నవారిలో ముసలివారూ చంటిబిడ్డల తల్లులూ ఉన్నారు. నేను నిలబడి చూస్తుంటే ఒక పెద్దాయన పక్కకు జరిగి, చోటు చూపించి, తన జెంబే అనే డోలును నా మోకాళ్ళ మధ్య నిలిపారు. నా కులగోత్రాలు కాదుగదా, పేరైనా అడగలేదు.

జెంబే పశ్చిమాఫ్రికాలోని మాలి, గినీ ప్రాంతాలది. ఒకే మానును తొలిచి, పైన మేకతోలు పరచి, తాళ్ళతో బిగిస్తారు. నడిమధ్య అరచేత్తో కొడితే గుమ్మంటుంది. అంచున వేళ్ళు దగ్గరగా పెట్టి కొడితే గుండ్రని నాదం, వేళ్ళు వదులుగా విడిచి చరిస్తే చురుక్కుమనే నాదం పలుకుతాయి. నాకు గుమ్మనేది ఒక్కటే వచ్చింది. దరువు తప్పినప్పుడల్లా, పుల్లలతో వాయించే పెద్ద డోలు మోత విని మళ్ళీ అందుకున్నాను.

ఆ డోళ్ళ వెనుక ఎంత కష్టం ఉందో తరువాత చదివి తెలుసుకున్నాను. 1739లో దక్షిణ కరొలైనాలో బానిసలు డోళ్ళు మోగిస్తూ తిరుగుబాటుకు నడిచారు. మరుసటి ఏడాది వచ్చిన చట్టం బానిసలకు డోలును నిషేధించింది. న్యూ ఆర్లీన్స్‌లో మాత్రం ఆదివారం నాడు కాంగో స్క్వేర్ అనే మైదానంలో వారు చేరి వాయించుకొనేవారు. డోలు వాయించినందుకు శిక్షలు పడ్డ జాతివారు, ఈనాడు దానిని దారిన పోయే పరాయివాడి ఒడిలో పెడుతున్నారు. మా ఊరి పలక చుట్టూ కట్టిన గోడ అన్యాయమైనదని నేను ఏనాడో అనవలసింది. బడిలో ఎన్నో పాఠాలు చెప్పాను గాని, ఈ మాట చెప్పలేదు.

ఊరికి రాగానే, ఒకప్పుడు నా దగ్గర అక్షరాలు దిద్దిన కళాకారుడి ఇంటికి వెళ్ళి, "నాయనా, నాకు పలక నేర్పుతావా?" అని అడిగాను. అతడు కాసేపు నా ముఖం చూసి, వాకిట్లో వరిగడ్డి మంట వేసి, పలకను దానిమీద తిప్పసాగాడు. నేను చెయ్యి చాపితే, "కాగనీండి అయ్యవారూ, ఇంకా చల్లగా ఉండాది," అన్నాడు. వేలితో తట్టి, చెవి ఒగ్గి విని, మళ్ళీ మంటకు పట్టాడు. తోలు ఖంగుమన్నాక నా ఎడమ భుజానికి తగిలించి, లావుపాటి సిర్రను కుడిచేతిలోను, సన్నని సిటికెన పుల్లను ఎడమచేతిలోను పెట్టాడు. ఆ సన్నపుల్ల నా వేళ్ళ మధ్య నిలవక మూడుసార్లు జారిపోయింది. మూడుసార్లూ వంగి, తీసి ఇచ్చాడు.