కెమెరాకు చిక్కని యోగా

నెల్లూరులో ఉదయం నడకకు వచ్చేవారిని యోగా గురించి కదిలిస్తే ఇప్పుడు ఎక్కువగా వినిపించే మాట "నా ఒళ్లు అట్లా వంగదు" అన్నది. ఎట్లా వంగాలని అడిగితే వారు వర్ణించేదంతా ఫోనులో చూసినదే: శీర్షాసనం, చక్రాసనం, ఒంటికాలి మీద నిలిచి వెనుక పాదాన్ని తల దాకా తెచ్చే నటరాజాసనం. ఒకప్పుడు ఇదే ప్రశ్నకు తీరిక లేదనే జవాబు వచ్చేది. తీరిక లేనివారు ఎప్పుడో ఒకప్పుడు తీరిక చేసుకోవచ్చు గానీ, తన శరీరమే దీనికి పనికిరాదని తీర్మానించుకున్న మనిషిని అభ్యాసం వైపు తీసుకురావడం చాలా కష్టం. అందుకే ఈ మార్పు నన్ను బాధిస్తోంది.

ఇది ఎలా జరుగుతోందో అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. వీడియోను ఎంతసేపు చూశారు, ఎంతమందికి పంపారు అన్నదాన్ని బట్టి సోషల్ మీడియా వేదికలు దానిని మరింత మంది ముందుకు తెస్తాయి. వేలు తెర మీద ఆగాలంటే మొదటి రెండు మూడు క్షణాల్లోనే కళ్లు చెదిరే దృశ్యం ఉండాలి. ఒక్కో ముక్కు రంధ్రంతో మార్చి మార్చి ఊపిరి తీసే నాడీశోధన ప్రాణాయామం చేస్తున్న మనిషి పక్కవారికి ఊరకే కూర్చున్నట్టు కనిపిస్తాడు. శవాసనంలో ఉన్నవారు నిద్రపోతున్నట్టు ఉంటారు. ఉచ్ఛ్వాస నిశ్వాసాల నిడివిని సమం చేసుకోవడానికి నెలల తరబడి చేసిన కృషికి రూపమే లేదు. అభ్యాసంలో కంటికి ఆనే భాగం ఒక్కటే ఊరంతా తిరుగుతుంది, చూసేవారు అదే యోగా అనుకుంటారు.

మైపాడు సముద్రతీరంలో సూర్యోదయ వేళ ఇటువంటి చిత్రీకరణను నేను దగ్గరగా చూశాను. ఒక అమ్మాయి తడి ఇసుకలో నటరాజాసనంలో నిలబడుతుంటే, ఆమె స్నేహితురాలు ఫోనును దాదాపు నేలకు ఆనించి, సూర్యబింబం సరిగ్గా పాదం పక్కన పడేలా చూస్తోంది. కాలి కింద ఇసుక జారినప్పుడల్లా అమ్మాయి తూలుతోంది, నవ్వుకుంటూ మళ్లీ మొదలుపెడుతోంది. దృశ్యం కుదిరిన క్షణంలో ఆమె పొట్టను లోపలికి బిగించి ఊపిరి పట్టి ఉంది. ఆ అమ్మాయి నైపుణ్యం నిజమైనదే, దాని వెనుక సంవత్సరాల సాధన ఉంటుంది. తూలిన సందర్భాలూ, ఆ సంవత్సరాలూ మాత్రం వీడియోలోకి రావు.

ప్రాచీన గ్రంథాల్లో ఆసనానికి ఇచ్చిన స్థానం చూస్తే ఈ తేడా ఇంకా స్పష్టమవుతుంది. పతంజలి యోగసూత్రాలు రెండు వందలకు కాస్త తక్కువగా ఉంటే, వాటిలో నేరుగా ఆసనాన్ని గురించి చెప్పినవి మూడే. ఆ వెంటనే ప్రాణాయామానికి ఐదు సూత్రాలు కేటాయించారు. హఠయోగ ప్రదీపిక రాసిన స్వాత్మారాముడు 15 ఆసనాలను వివరించాడు, వాటిలో ఎక్కువ భాగం కూర్చుని చేసేవే. యువకుడైనా, వృద్ధుడైనా, మిక్కిలి వృద్ధుడైనా, రోగి అయినా, దుర్బలుడైనా ఏమరుపాటు లేని అభ్యాసంతో సిద్ధి పొందుతాడని ఆయన స్పష్టంగా చెప్పాడు. వేషం వేసుకున్నందువల్లా, యోగాను గురించి మాట్లాడినందువల్లా సిద్ధి రాదని కూడా అక్కడే అన్నాడు. ఒళ్లు వంగదని వెనుదిరిగేవారికి చూపడానికి ఇంతకంటే మంచి ఆధారం నాకు దొరకలేదు.

యోగాను బొమ్మల్లో చూపడం కొత్త విషయం కాదు. యోగా గురువు బి.కె.ఎస్. అయ్యంగార్ గారి పుస్తకం 'లైట్ ఆన్ యోగా' 1966లోనే సుమారు 600 ఛాయాచిత్రాలతో వెలువడింది. అయితే ఆ పుస్తకంలో ప్రతి ఆసనం పక్కన చేసే విధానమూ దాని ఫలితమూ ఉన్నాయి, చివర 300 వారాల అభ్యాసక్రమం ఉంది. చిత్రం పాఠకుణ్ణి ఆకర్షించినా, అక్కడికి చేరడానికి ఎంత కాలం పడుతుందో ఆ పుస్తకమే చెప్పేది.

మా ఉదయపు తరగతికి డెబ్బై దాటిన ఒకావిడ వస్తారు, మేమంతా పెద్దమ్మా అని పిలుస్తాము. మొదట్లో ఆమె గేటు దగ్గరే నిలబడి, "ఆ పిల్లలు ఫోన్లో చేసేది చూస్తేనే కళ్లు తిరగతాయి, నా వల్ల యాడవుద్ది మ్మా" అన్నారు. గురువుగారు ఒక ప్లాస్టిక్ కుర్చీని గోడకు ఆనించి వేసి, కూర్చుని ఊపిరి పీలుస్తూ చేతులెత్తమని, వదులుతూ దించమని మాత్రమే చెప్పారు. కొన్నాళ్లకు పాదాలు నేల మీద సమంగా ఉంచి, కొద్దిగా ముందుకు వంగి, కుర్చీలోంచి లేవడం నేర్పారు. తొలిరోజుల్లో ఆమె అరచేతులు మోకాళ్లను గట్టిగా నొక్కేవి, లేస్తున్నప్పుడు కింది పెదవిని పంటితో పట్టేవారు. ఇప్పుడు చేతుల ఊతం లేకుండా, చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ మామూలుగా లేస్తున్నారు. కుర్చీలోంచి ఒక పెద్దావిడ లేచే వీడియోను ఎవరూ రెండోసారి చూడరు, కానీ ఆ వయసులో అంతకంటే విలువైన ఫలితం ఏముంటుంది?

వీడియోల కింద రాసే మాటలు ఆ దృశ్యాల కంటే హానికరం. వారంలో పొట్ట తగ్గుతుందనీ, ఒక్క ఆసనంతో షుగర్ మాయమవుతుందనీ రాస్తారు. యోగాభ్యాసం మందులకూ ఆహార నియమానికీ తోడుగా మేలు చేస్తుంది. దాన్ని చూపి మాత్రలు మానేయమనడం ప్రాణాలతో ఆటలాడటమే. శీర్షాసనంలో కంటి లోపలి ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి గ్లాకోమా (నీటికాసులు) ఉన్నవారు దాని జోలికి పోకూడదు. రక్తపోటు అదుపులో లేనివారూ, మెడ ఎముకలు అరిగినవారూ అంతే. పొట్టను లోపలికి కొడుతూ వేగంగా ఊపిరి వదిలే కపాలభాతిని గర్భిణులు చేయకూడదు. ఎదుట ఉన్న గురువు ఇవన్నీ అడిగి తెలుసుకున్న తరువాతే మొదలుపెట్టిస్తారు. ఫోను ఎవరినీ ఏమీ అడగదు.

అయినా ఫోను చేసిన మేలును కాదనలేను. 2020 లాక్‌డౌన్ కాలంలో ఇల్లు దాటలేని ఆడవారు ఎందరో ఫోను ముందే ప్రాణాయామం నేర్చుకున్నారు. 2015 నుంచి ఏటా జూన్ 21న జరుగుతున్న యోగా దినోత్సవం, 2025లో విశాఖ వేదికగా జరిగిన యోగాంధ్ర సంబరం పల్లెల దాకా చేరడంలో ఈ చిన్న తెర పాత్ర పెద్దదే. గురువు లేని ఊళ్లకు అది ఇంకా అవసరం. అందువల్ల వీడియోలు పెట్టడం మానాలని నేను కోరను. మన జిల్లాలో యోగా నేర్పేవారు పూర్తయిన భంగిమతో పాటు గోడనూ, కుర్చీనీ, మడిచిన దుప్పటినీ చూపాలి. ఎవరు చేయకూడదో మొదటే చెప్పాలి. తాము ఆ స్థితికి రావడానికి ఎన్నేళ్లు పట్టిందో దాచకూడదు.

మా గురువుగారు ఈమధ్య కుర్చీలో చేసే అభ్యాసాన్ని వీడియోగా పెట్టడం మొదలుపెట్టారు. చూసేవారు తక్కువే. అయితే మెచ్చుకోళ్ల స్థానంలో వాటి కింద ప్రశ్నలు వస్తున్నాయి. మోకాళ్ల నొప్పులున్నాయి, మోకాళ్లు మడిచి మడమల మీద కూర్చునే వజ్రాసనానికి బదులు ఏమి చేయవచ్చని కోవూరు నుంచి ఒకావిడ అడిగారు. కుర్చీలోనే వెన్ను నిటారుగా పెట్టి కూర్చోమనీ, ముందుగా డాక్టరుకు మోకాళ్లు చూపించుకోమనీ ఆయన ఆమెకు సమాధానం రాశారు.