తుపాను కథలో గాలి ఎటు నుంచి వీచింది?

ఒడిశాలోని గంజాం తీరం గురించి తెలుగులో రాసే తుపాను కథల్లో ఒక వాక్యం దాదాపు తప్పదు. గాలి హోరెత్తింది, సముద్రం ఊరి మీద పడింది. అక్కడ ఆగి రచయితని ఒకటే అడగాలి: గాలి ఎటు నుంచి వీచింది? చెప్పలేకపోతే అక్కడి గోపాల్‌పూర్‌లో వాడబలిజల జాలరి పేటలో ఏ ముసలాయనైనా ఆ కథని పక్కన పెట్టేస్తాడు.

ఎందుకంటే అక్కడి వాళ్ళ ప్రాణాలు ఆ దిక్కు మీదే ఆధారపడతాయి. మన వైపు తుపాను గడియారం ముల్లుకి ఎదురు తిరుగుతుంది. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. ఆగ్నేయం నుంచి వచ్చి వాయవ్యానికి పోయింది, గాలి గంటకి 200 కిలోమీటర్ల పైమాటే. అలాంటి తుపాను నడిచే దారికి కుడిపక్క, అంటే చిలికా వైపున్న ఊళ్ళలో గాలి తూర్పు నుంచీ ఆగ్నేయం నుంచీ కొడుతుంది, సముద్రాన్ని ఒడ్డు మీదికి తోస్తుంది. ఉప్పెన అక్కడ లేస్తుంది. ఎడమపక్క, ఇచ్ఛాపురం వైపు, అదే గాలి మొదట ఉత్తరం నుంచి, తర్వాత వాయవ్యం నుంచీ పడమర నుంచీ కొడుతుంది. నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది కాబట్టి ఇళ్ళ కప్పులు లేచిపోతాయి గానీ నీరు ఊళ్ళోకి రావడం తక్కువ. రెండు చోట్లా ఒకే తుపాను, చావు మాత్రం వేరు. కుడిపక్క ఊరి కథలో భయం నీటిది, ఎడమపక్క ఊరి కథలో రేకులదీ కూలే చెట్లదీ. నీ పాత్ర ఏ పక్క ఉందో తేల్చుకోకుండా మొదటి పేరా రాయకూడదు.

ఇక ఊరు సరిగ్గా దారిలో ఉంటే, కన్ను, అంటే తుపాను నడిమధ్యన గాలి లేని చోటు, దాని మీదుగా పోతుంది. కన్ను వెడల్పు 30 కిలోమీటర్లు, నడక గంటకి 15 అనుకుంటే నడిమధ్యన ఉన్నవాళ్ళకి రెండు గంటల ప్రశాంతం. అంచున ఉన్నవాళ్ళకి కొద్ది నిమిషాలే. అప్పటిదాకా ఈశాన్యం నుంచి కొట్టిన గాలి ఆ తర్వాత నైరుతి నుంచి కొడుతుంది. తాటాకు ఇల్లు ఎక్కువగా పడేది ఈ రెండో సగంలోనే. మొదటి సగం ఈశాన్యపు చూరు కింద దూరి కట్లు వదులు చేస్తుంది, వాసాలు కదిలిపోతాయి. రెండోది అవతలి వైపు నుంచి వచ్చి, అప్పటికే వదులైన కప్పుని మొత్తంగా ఎత్తేస్తుంది. మొదటి సగంలో నైరుతి గోడ చాటున కూర్చుని బతికినవాళ్ళకి ఇప్పుడు అదే గోడ మీద పడుతుంది. కన్ను వేళ గాలి ఆగిందని కుర్రాడు పడవ చూసుకోవడానికి ఒడ్డుకి పరిగెడితే, వాకిట్లోంచి ముసలమ్మ అరుస్తుంది: "ఎల్లకురా అయ్యా, ఇంకా సగమే అయ్యింది!" ఈ ఒక్క మాటకి ఉన్న బలం నాలుగు పేజీల హోరుకి ఉండదు. పాఠకుడికి దిక్కు ముందే చెప్పి ఉంటే, ఆ ప్రశాంతమే అతన్ని భయపెడుతుంది.

ఈ రకం కథకి నేను మళ్ళీ మళ్ళీ చూపించేది జాక్ లండన్ 1908లో అచ్చువేసిన నిప్పు రాజేసే కథ. చలి సున్నాకి దిగువన 75 డిగ్రీల ఫారన్‌హీట్, మన లెక్కలో మైనస్ 59. మనిషి ఒంటరిగా బయల్దేరతాడు, మంచు పగిలి కాళ్ళు తడుస్తాయి, కాళ్ళు ఆరబెట్టుకోవడానికి నిప్పు రాజేస్తాడు. రాజేసింది చెట్టు కింద. పుల్లలు లాగిన ప్రతిసారీ కొమ్మల్లో కాస్త కదలిక, చివరికి పైనున్న మంచంతా జారి నిప్పు మీద పడుతుంది. మళ్ళీ రాజేద్దామంటే వేళ్ళు మొద్దుబారి అగ్గిపుల్ల నిలవదు. 70 పుల్లలు ఒక్కసారే వెలిగించుకుంటాడు, అయినా మిగలడు. ఇందులో ప్రకృతి కోపం ఎక్కడా లేదు. తడి కాళ్ళు, తప్పు చోటు, మొద్దుబారిన వేళ్ళు వరసగా ఒకదాన్నొకటి లాక్కొస్తాయి. 1897లో స్టీఫెన్ క్రేన్ రాసిన పడవ కథలోనూ అంతే. చిన్న పడవలో నలుగురు, ఒడ్డు చేరబోతూ చనిపోయేది వాళ్ళల్లో గట్టిగా తెడ్డేసిన మనిషే. ఓడ మునగక ముందే అతను యంత్రాల గదిలో రెండు వంతుల పని చేసి అలిసి ఉన్నాడని క్రేన్ ముందే చెప్పి ఉంచాడు.

మన సముద్రంలో చలి లేదు కదా అంటారు. అక్టోబరులో నీరు వెచ్చగానే ఉంటుంది, కానీ ఒంట్లో వేడిని గాలి కంటే నీరు దాదాపు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. రాత్రంతా తడిసి, గాలికి కూర్చున్న మనిషి తెల్లారేసరికి పళ్ళు టకటకలాడుతూ వణకడం గంజాం సముద్రంలోనూ నిజమే. దుంగలు తాళ్ళతో బిగించిన తెప్ప మీద మరో సంగతి ఉంది. అది మునగదు, బోర్లాపడినా తేలుతుంది. కాబట్టి తెప్ప కథలో ప్రమాదం పట్టు జారడం. ఉప్పునీటికి నానిన అరచేయి మెత్తబడుతుంది, తాడు చర్మాన్ని ఒలిచేస్తుంది, ఆ తర్వాత పట్టుకోవడానికి మనసున్నా చెయ్యి మాట వినదు. తెప్ప మునిగిందని రాసిన చోట కథ చచ్చిపోతుంది.

దాహం దగ్గర తప్పులు ఇంకా ఎక్కువ. సముద్రపు నీటిలో లీటరుకి సుమారు 35 గ్రాముల ఉప్పు. మూత్రం అంత ఉప్పుని మోయలేదు, అందుకని లీటరు తాగినవాడు అది బయటికి పంపడానికి లీటరు కంటే ఎక్కువ నీరు పోగొట్టుకుంటాడు. దాహం వరస ఇలా నడుస్తుంది: ఉమ్మి చిక్కబడుతుంది, మూత్రం ముదురు రంగుకి తిరుగుతుంది, తలనొప్పి, నాలుక అంగిలికి అతుక్కోవడం, గొంతు బొంగురుపోవడం, ఆఖర్న లేనివి కనబడటం. మూడో రోజు నీళ్ళు లేని మనిషి చేత పేజీ పొడుగు ఉపన్యాసం చెప్పించకండి. నీళ్ళు లేనప్పుడు కడుపునిండా చేప తినిపించడమూ తప్పే, మాంసకృత్తుల వ్యర్థం పోవడానికి మళ్ళీ నీరే కావాలి. హెమింగ్వే 1952 నవలలో ముసలివాడు పచ్చి చేప ముక్కలు నమిలేది ఆకలికి కాదు, కొంకర్లు పోయిన ఎడమ చెయ్యి తెరుచుకోవాలని. నిమ్మకాయో ఉప్పో తెచ్చుకుని ఉంటే బాగుండేదనుకుంటాడు. అతని సీసాలో నీళ్ళున్నాయని మర్చిపోకూడదు.

తీరం వదిలి రాయగడ, కొరాపుట్ కొండలకి వస్తే గాలి హోరు ఉండదు, కాలం నెమ్మదిగా చంపుతుంది. పంట చేతికి రాకముందు గాదె ఖాళీ అయ్యే నెలల్లో మామిడి జీడి జావ తాగుతారు. వేసవిలో టెంకలు ఎండబెట్టి, పగలగొట్టి, లోపలి జీడి దంచి, నీళ్ళు మారుస్తూ నానబెట్టి వగరు తీయాలి. దీన్ని చెడగొట్టేది ఒకటే, తడి. వానల్లో దాచిన జీడికి బూజు పట్టిందంటే అదే జావ విషం. 2001లో కాశీపూర్ ప్రాంతంలో మరణాలు దేశమంతా వార్తయింది ఈ జావ పేరుతోనే. రచయిత ఇక్కడ బూజు మీద ఆగకూడదు, గాదె ఎందుకు ఖాళీ అయిందో కూడా అడగాలి. 1945 నాటి 'పరజా' నవలలో ఒడియా రచయిత గోపీనాథ్ మహంతి అదే అడిగాడు. అడవి గార్డు జుర్మానా, దానికోసం షావుకారు అప్పు, అప్పుకి గోతి, అంటే వెట్టి చాకిరీ. కొండని శత్రువుగా చూపించే కథలు ఈ లెక్కని దాచేస్తాయి.

భాష సంగతి ఒక్క మాట. వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి పోరాడింది మన పర్లాకిమిడి నుంచే. అయినా తుపాను రాగానే కథలు 'ప్రళయ ఝంఝామారుతం' అంటాయి. తెప్ప మీద మనిషి ప్రకృతి అనుకోడు. తాడు, తెడ్డు, గాలి, ఒడ్డు అనుకుంటాడు.

చివరిగా, కథని గాలి ఆగగానే ముగించేసే అలవాటు మానాలి. ఉప్పెన వచ్చిన ఊళ్ళో అసలు కష్టం ఆ మర్నాడు మొదలవుతుంది. మొగలి పొదలు ఇసుకలో కూరుకుపోయి, సరుగుడు తోట ఒకే దిక్కుకి పడుకుని ఉంటుంది. దాహానికి మొదట దొరికేది రాలిన కొబ్బరి బొండాలే, కానీ అవి రెండు మూడు రోజుల సరుకు. తర్వాత బావి. ఒడ్డు బావుల్లో తీపినీరు ఉప్పునీటి మీద పొరలా తేలుతుంటుంది. ఉప్పు పోవాలని ఆత్రంగా మోటారు పెట్టి తోడేస్తే కిందనున్న ఉప్పునీరు ఇంకా పైకొస్తుంది, వదులైన ఇసుక గోడ లోపలికి కూలనూవచ్చు. కొద్దికొద్దిగా తోడాలి, వాన కోసం ఆగాలి. ఆ రోజుల్లో పొద్దున్నే ఎవరో ఒకరు చేద వేసి, దోసిట్లో కాసిని పుచ్చుకుని, నాలుక మీద పెట్టుకుని, ఉమ్మేసి, చేదని గట్టు మీద బోర్లించి వెళ్ళిపోతారు.