ద్రాక్షతోటల ఊళ్లో, చుక్క ముట్టని బాబాయ్‌తో రెండు రోజులు

న్యూజెర్సీలో ఉండే మనవాళ్లందరి దగ్గరా ఒక లిస్టు ఉంటుంది, ఇండియా నుంచి పెద్దవాళ్లు వస్తే తిప్పడానికి: నయాగరా, లిబర్టీ విగ్రహం, వాషింగ్టన్, పిట్స్‌బర్గ్ గుడి. బాబాయ్, పిన్ని వచ్చిన నెలన్నరలోనే మా లిస్టు మొత్తం అయిపోయింది. అక్టోబర్‌లో లాంగ్ వీకెండ్ వచ్చింది, ఆకులు రంగు మారే టైం, ఇంట్లో కూర్చోవడం ఎందుకని మా ఆవిడ ఫింగర్ లేక్స్ అంది. అక్కడ అడుగుకో వైనరీ, బాబాయ్ జన్మలో చుక్క ముట్టలేదు, ఆయన్ని తీసుకెళ్లి ఏం చేస్తామే అన్నాను. "మామయ్యగారు నీళ్లు చూస్తారు, కొండలు చూస్తారు, తాగడానికి నువ్వున్నావుగా" అంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తా దీని దగ్గరికి.

న్యూయార్క్ అంటే మనకి మాన్‌హట్టన్ ఒక్కటే కానీ ఆ రాష్ట్రం మ్యాప్ తీసి చూస్తే మధ్యలో ఎవరో చెయ్యి చాపి గోళ్లతో గీరినట్టు ఉత్తర దక్షిణాలుగా 11 పొడుగాటి సరస్సులు ఉంటాయి, ఫింగర్ లేక్స్ అంటే అవే, మంచుయుగంలో హిమానీనదాలు కదులుతూ తవ్వేసిన లోయలు అవి. అందులో క్యూకా అనేదొక్కటే ఇంగ్లిష్ వై అక్షరం ఆకారంలో వంకర తిరిగి ఉంటుంది, పూర్వం దాని పేరే వంకర సరస్సు. ఆ వై కింది కొసన, దక్షిణపు ఒడ్డున ఉంది హ్యామండ్స్‌పోర్ట్. జనాభా వెయ్యి కూడా ఉండదు. మధ్యలో పచ్చిక, దానిలో బ్యాండు మేళం వాళ్లు కూర్చునే చిన్న మండపం, చుట్టూ నాలుగు వైపులా పాతకాలం ఇటుక భవనాల్లో షాపులు, రెండు వీధులు దిగితే నీళ్లు. అంతే ఊరు.

మేం బుకింగ్ లేటుగా చేశాం. ఆ వీకెండ్‌కి అక్కడ రూములు వేసవిలోనే అయిపోతాయని తర్వాత తెలిసింది. చివరికి ఒక ఇల్లు దొరికింది, ఫోటోల్లో కిటికీ నిండా సరస్సు, "లేక్ వ్యూ" అని మూడు చోట్ల రాశారు. వెళ్లి చూస్తే ఆ కిటికీ బాత్రూంలో ఉంది. అది కూడా టబ్ అంచు మీద నిలబడి మునివేళ్ల మీద లేస్తే రెండు చెట్ల మధ్య నీలంగా ఒక ముక్క కనిపిస్తుంది, అబద్ధం అనడానికి లేదు. పిన్ని మాత్రం రెండు రోజులూ స్నానానికి వెళ్లినప్పుడల్లా "వ్యూ చూసొచ్చా" అని చెప్పి మరీ ఏడిపించింది.

మర్నాడు ఏడింటికి లేచి చూస్తే బాబాయ్ లేడు. జెట్‌లాగ్ వదిలి ఇన్నాళ్లయినా ఆయన నాలుగింటికే లేస్తాడు. వెతుక్కుంటూ ఒడ్డుకి వెళ్తే, పాత రైల్వే స్టేషన్ పక్కనున్న పార్కులో, మంకీ క్యాప్ పెట్టుకుని చెక్క వంతెన చివర గొంతుకూర్చున్నాడు, ఒక చెయ్యి నీళ్లలో. సరస్సంతా పొగ. అన్నం ఉడుకుతున్న గిన్నె మీద ఆవిరి లేచినట్టు నీళ్ల మీద తెల్లగా లేస్తోంది, అవతలి కొండ కనిపించట్లేదు.

"ఒరేయ్, చెయ్యి పెట్టి చూడు. గాలి కంటే చెరువే వెచ్చగా ఉంది."

ఆయనకి అది చెరువే. ఇరవై మైళ్ల చెరువు.

నేను ఫోటో తీసుకుని వదిలేసిన ఆ వెచ్చదనమే ఇక్కడి మొత్తం వ్యవహారానికి మూలమని మధ్యాహ్నం వైనరీలో తెలిసింది. ఇంత చలి దేశంలో ద్రాక్ష ఎలా బతుకుతుందయ్యా అని బాబాయ్ అడిగాడు, నేను తర్జుమా చేశా, అక్కడ పోస్తున్న కుర్రాడు కిటికీలోంచి సరస్సు వైపు చెయ్యి చూపించాడు. లోతైన నీళ్లు కదా, వేసవి వేడిని దాచుకుని శరదృతువులో మెల్లగా వదులుతాయట, అందుకని ఒడ్డున వాలు మీదుండే తోటలకి మంచు దెబ్బ రెండు మూడు వారాలు ఆలస్యంగా తగులుతుంది, కాయ పండడానికి టైం దొరుకుతుంది. వసంతంలో దీనికి రివర్స్. నీళ్లు చల్లగా ఉండి చుట్టుపక్కల గాలిని చల్లగా ఉంచుతాయి కాబట్టి చిగుళ్లు తొందరపడి బయటికి రావు, ఆఖరి మంచులో మాడిపోవు. వాలు ఎందుకంటే బరువైన చల్లగాలి తోటలో నిలవకుండా కిందికి జారిపోతుంది. బాబాయ్ "పొద్దున్నే చెప్పానా" అన్నట్టు నా వైపు చూశాడు. ఆయన చెప్పిందేమీ లేదు, చెయ్యి పెట్టాడంతే.

చెప్పడం మర్చిపోయా, మేడ్చల్ వైపు బాబాయ్‌కి ఇరవై ఏళ్లు ద్రాక్షతోట ఉండేది, అనాబెషాహి రకం. తర్వాత అందరివీ అయినట్టే అదీ ప్లాట్లయిపోయింది. ఈ సంగతి నాకు తెలిసి కూడా ఫింగర్ లేక్స్ అనుకున్నప్పుడు గుర్తు రాలేదంటే నన్ను ఏమనాలో మీరే అనండి. వైన్ కంట్రీ అంటే నా బుర్రలో గ్లాసు, సూర్యాస్తమయం, ఇన్‌స్టా ఫోటో తప్ప ద్రాక్షచెట్టే లేదు!

తోటలోకి అడుగు పెట్టగానే ఆయన మొదటి డౌటు, పందిరేది? మన దగ్గర మనిషి కింద నడిచేంత ఎత్తున పందిరి, కాయలు నెత్తి మీద వేలాడతాయి. ఇక్కడ కంచె వేసినట్టు వరసగా గుంజలు, తీగెలు, మొక్కని వాటికి కట్టేశారు, గుత్తులు నడుం ఎత్తులో. ఎండ తక్కువ దేశం కదా, ఆకుకీ కాయకీ దొరికినంత వెలుతురు తగలాలని అలా. కత్తిరింపు ఎన్నిసార్లు అని అడిగితే, ఏడాదికి ఒక్కసారి, చలికాలంలో, మొక్క నిద్రపోయినప్పుడు అన్నాడు కుర్రాడు. మాకు రెండుసార్లు, ఏప్రిల్‌లో ఒకటి, అక్టోబర్‌లో ఒకటి, మా దగ్గర అది నిద్రపోదు, మేమే కొట్టి పడుకోబెట్టాలి, అన్నాడు బాబాయ్. దీన్ని ఇంగ్లిష్‌లో ఎలా చెప్పాలో తెలియక కాస్త తిప్పలు పడ్డాను. ఇద్దరూ కలిసి ఒక ఆకు తిప్పి చూసి ఒకేసారి తలలూపారు: బూడిద తెగులు. అసలా తెగులు పుట్టిందే అమెరికాలోనట, ఇక్కడి నుంచే ప్రపంచమంతా పాకింది.

చలికాలం రాకముందు అంటు కట్టిన చోట మునిగేలా మొదళ్లకి మట్టి ఎగదోస్తారట, వసంతంలో మళ్లీ తీసేస్తారు, ప్రతి ఏడూ. యూరప్ ద్రాక్ష ఈ చలికి బతకదని చాలాకాలం అందరూ వదిలేసుకున్నారు. కాన్‌స్టాంటిన్ ఫ్రాంక్ అని ఉక్రెయిన్ నుంచి వచ్చిన ఒకాయన, 1951లో అమెరికాలో దిగేసరికే వయసు యాభై దాటింది, ఇంగ్లిష్ అంతంత మాత్రం, చలికి తట్టుకునే వేరుమొక్క మీద అంటు కడితే ఎందుకు బతకదు, నేనున్న చోట ఇంతకంటే చలి అని పట్టుబట్టి చేసి చూపించి, 1962లో ఇదే క్యూకా ఒడ్డున సొంత వైనరీ పెట్టాడు. ఇప్పుడిక్కడి రీస్లింగ్ అనే తెల్ల వైన్‌కి అంత పేరుందంటే మొదలు అక్కడే. "యాభై దాటాకనా" అన్నాడు బాబాయ్. ఇంకేం అనలేదు.

ఇక ఆ గుర్తుపెట్టుకోమన్న మాట. ఊళ్లో ఊబర్ యాప్ తెరిస్తే చక్రం తిరుగుతూనే ఉంటుంది, కారు రాదు. నలుగురిలో నాకూ మా ఆవిడకే లైసెన్సు ఉంది, ఆవిడ మొదటి వైనరీలోనే అయిదు శాంపిళ్లూ పుచ్చేసుకుని "డ్రై రీస్లింగ్ బావుంది" అని తీర్పు ఇచ్చేసింది కాబట్టి రెండు రోజులూ నేను వాసన మాత్రమే చూశాను. పెద్దవాళ్లతో పాటు నాకూ ద్రాక్షరసం పోశారు. వెళ్లేవాళ్లు ఎవరు నడుపుతారో ఇంట్లోనే తేల్చుకోండి, టేస్టింగ్ ముందే బుక్ చేసుకోండి, చాలా చోట్ల సాయంత్రం అయిదింటికల్లా మూసేస్తారు. రోజుకి మూడు వైనరీలు దాటితే నాలుకకి తేడా తెలియదని మా ఆవిడ ఉవాచ.

ఒక చోట సీసాల మీద మేక బొమ్మ చూసి పిన్ని నవ్వింది. దాని వెనక కథ ఏంటంటే, ఇక్కడ టేలర్ అని పెద్ద వైన్ కంపెనీ ఉండేది, 1977లో కోకాకోలా దాన్ని కొనేసింది, ఆ కుటుంబంలోంచే బయటికొచ్చి బుల్లీ హిల్ అని వేరే వైనరీ పెట్టుకున్న వాల్టర్ టేలర్ మీద కేసేసింది, నీ సీసాల మీద నీ ఇంటిపేరు వాడుకోకూడదని. కోర్టులో ఓడిపోయాడు. లేబుళ్ల మీద పేరు కనబడకుండా నల్లరంగు పూసి అమ్మాడు. ఒకడి మేకని పట్టుకెళ్లడం అంటే ఇంగ్లిష్‌లో వాడికి ఒళ్లు మండించడం, దాని మీద ఆయన, "పేరు పోతే పోయింది, నా మేక మాత్రం నా దగ్గరే ఉంది" అనేవాడు. ఇది విన్నాక పిన్ని ఆ మేక ఉన్న కప్పొకటి కొనిపించింది.

ఊరి బయట గ్లెన్ కర్టిస్ మ్యూజియం ఉంది. సైకిళ్లు బాగుచేసే ఈ ఊరి కుర్రాడు మోటార్ సైకిళ్లు చేసి, ఆ తర్వాత విమానాలు చేసి, 1908 జూలై 4న ముందే చెప్పి జనాన్ని పిలిచి అందరూ చూస్తుండగా జూన్ బగ్ అనే విమానాన్ని కిలోమీటరుకు పైగా ఎగరేశాడు. గంటన్నర చాలు.

రెండో రోజు నలభై నిమిషాల దూరంలో వాట్‌కిన్స్ గ్లెన్. సన్నటి రాతి లోయ, 19 జలపాతాలు, 832 మెట్లు, ఒక జలపాతం వెనక నుంచి దారి. జనం బాగా ఉన్నారు. బాబాయ్ మోకాళ్లు సగంలో ఆగిపోయాయి, పిన్ని పైదాకా వెళ్లొచ్చింది, వారం పాటు ఆ సంగతి ఎత్తుతూనే ఉంది.

వచ్చేటప్పుడు రోడ్డు పక్కన మనిషి లేని బల్ల, దాని మీద బుట్టల్లో కాంకర్డ్ ద్రాక్ష, డబ్బులేయడానికి డబ్బా. కారు అద్దం దించకముందే వాసన వచ్చింది. నీలం నలుపు కాయ, మీద బూడిదలా తెల్లటి పొర. బాబాయ్ ఒకటి పెదాల దగ్గర పెట్టుకుని నొక్కాడు, గుజ్జంతా గోలీలా నోట్లోకి జారిపోయి తొక్క వేళ్ల మధ్య మిగిలింది. గింజలు ఉమ్మేసి, "తినడానికి మా అనాబెషాహి ముందు ఇదెంత" అన్నాడు. బుట్ట ఇంటికొచ్చేలోపు ఖాళీ అయింది, ఎక్కువ తిన్నది ఎవరో చెప్పక్కర్లేదు.

వాళ్లు హైదరాబాద్ వెళ్లిపోయి నెల దాటింది. బాబాయ్ ఫోన్‌లో వెదర్ యాప్‌లో న్యూజెర్సీ కింద హ్యామండ్స్‌పోర్ట్ కూడా పెట్టుకున్నాడు. మొన్న రాత్రి వీడియో కాల్‌లో నేనెలా ఉన్నానో అడక్కుండా, "ఈ రాత్రి అక్కడ మైనస్ ఎనిమిదట్రా, మట్టి ఎగదోసేసుంటారంటావా?" అన్నాడు.